ఇసనకర్ర ఆడతాందా?

భాయ్ పోయారన్న కబురు వచ్చేసరికి నేను మా ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. రాయచోటి నుంచి ఆయన కొడుకు ఫోన్ చేశాడు. "పొద్దున నిద్రలోనే పొయినాడు ఆంటీ. సాయంత్రం అసర్ నమాజు అయినాక తీసుకుపోతాం. మీకు లింకు పంపిస్తా, చూడండి" అన్నాడు. లింకు అన్న మాట వినగానే నాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. ఎంతమందికో ఆఖరి చూపు చూపించిన మనిషిని ఇప్పుడు మేము షార్జాలో కూర్చుని ఫోన్‌లో చూడాలి.

ఇస్త్రీపెట్టె స్విచ్ తీసేసి, చేతిలో చొక్కాతోనే మంచం మీద కూలబడ్డాను. లింకు రావడానికి ఇంకా టైముంది. చొక్కా లేత నీలం రంగు కావడం ఏదో యాదృచ్ఛికమే గానీ, భాయ్‌ని తలుచుకోవాలంటే నేను అక్కడే మొదలుపెట్టాలి.

ఆయన పేరు రాయను. ఎవరం ఎప్పుడూ పేరుతో పిలిచింది లేదు. మలయాళీ టీ కొట్టువాడి దగ్గర్నుంచి అరబ్బు కఫీల్ దాకా అందరికీ ఆయన భాయే. నేను 2002లో దుబాయ్ వచ్చాను. మా ఆయన ఏసీ మెకానిక్కు. అల్ కుసైస్‌లో ఇంకో కుటుంబంతో పంచుకున్న ఫ్లాట్‌లో ఒక గది మాది. తణుకులో కంప్యూటర్ కోర్సు చేశానన్న ధీమా ఒకటి వెంట తెచ్చుకున్నాను గానీ అది ఎక్కడ పనికొస్తుందో తెలియదు. భాయ్ దుకాణం మా వీధి చివర. బోర్డు మీద పెద్దక్షరాల్లో కంపెనీ పేరు, పేరు చివర డాట్ కామ్. లోపల చెక్కతో కట్టిన క్యాబిన్లు, వాటిలో కంప్యూటర్లు, మేకులకి వేలాడే హెడ్‌ఫోన్లు. ఉద్యోగం అడగడానికి వెళ్లి, "మీ వెబ్‌సైట్ ఏదండీ?" అని నేనే ఆయన్ని ప్రశ్న వేశాను.

"ఇంకా పెట్టలేదుమ్మా. ముందు పేరు పెట్టుకున్నాం. బిడ్డ నిదానంగా పుడతాది" అన్నారు.

ఆ జవాబు నచ్చి చేరిపోయాను. కౌంటరు నాది.

భాయ్ అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆయన వీపు. దుకాణంలో ఎటు తిరిగినా తెరలే కాబట్టి ఆయన ఎప్పుడూ గోడవైపో వీధివైపో మొహం పెట్టి నిలబడేవారు. ఎవరైనా "భాయ్, కెమెరా పన్జెయ్యడం లేదు" అని పిలిస్తే పక్కవాటుగా నడుచుకుంటూ వెళ్లి, తెరకేసి చూడకుండా మానిటర్ నెత్తిమీద వేలి కణుపుతో రెండు దెబ్బలు వేసి, "యల్లా, మాట్లాడు" అని వెనక్కి వచ్చేసేవారు. ఆ దెబ్బలకి నిజంగానే బాగయ్యేదో, ఆయన మీద గౌరవంతో కెమెరాయే సర్దుకునేదో నాకిప్పటికీ తెలియదు. "అసలు చూడకుండా ఎలా బాగుచేస్తారు భాయ్?" అని వేళాకోళం చేస్తే, "ఆ తెరలో ఉండేది వాళ్ల ఇల్లు గదమ్మా. ఇంగొకరి ఇంట్లోకి తొంగి చూస్తామా?" అన్నారు.

ఇక చొక్కా. శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక లేబర్ క్యాంపుల నుంచి జనం వచ్చేవాళ్లు. సెలవురోజైనా సగం మందికి ఓవర్‌టైమ్ ఉండేది. సిమెంటు దుమ్ముతో, గ్రీజు మరకలతో సైటు నుంచి నేరుగా దిగేవాళ్లు. క్యాబిన్ల పక్కన ఒక మేకుకి ఇస్త్రీ చేసిన లేత నీలం చొక్కా వేలాడుతుండేది. భాయ్ స్వయంగా ఉతికి, స్వయంగా ఇస్త్రీ చేసి తగిలించేవారు. కెమెరా ముందు కూర్చోవాలంటే మొహం కడుక్కుని ఆ చొక్కా తొడుక్కోవాల్సిందే. "ఇంట్లోవాళ్లకు నీ మొగం చూపియ్యి. నీ కష్టం చూపియ్యొద్దు" అనేవారు. లావుపాటి వాళ్లకి గుండీలు పట్టకపోతే, "కెమెరా ఛాతీ కాడికే చూస్తాది. కిందవి వదిలెయ్" అని తీర్పు చెప్పేవారు. సాయంత్రమయ్యేసరికి ఆ చొక్కాలో కడప, నెల్లూరు, భీమవరం, కరీంనగర్ చెమటలన్నీ కలిసిపోయేవి.

ఒకసారి రాయచోటిలో ఒకే ఇంటర్నెట్ సెంటర్‌కి పోయే ఆడవాళ్లిద్దరు మాటల్లో పడి తమ మొగుళ్లిద్దరిదీ ఒకటే చొక్కా అని కనిపెట్టారు. ఆ వారం క్యాబిన్‌లోంచి ఒకామె గొంతు హెడ్‌ఫోన్లు దాటి మరీ వినపడింది. "ఏమబ్బా, దుబాయ్‌లో మీకందరికీ ఒకటే చొక్కానా? జైల్లో గానీ ఏసినారా?" క్యాబిన్లన్నీ గొల్లుమన్నాయి. పైవారానికి మేకు మీద గళ్ల చొక్కా కూడా చేరింది.

అవి మంచి రోజులు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీల మధ్య ఒక బ్రాంచి తెరిచారు. కల్బాలో ఇంకొకటి. కల్బాలో ఎవరొస్తారు భాయ్ అని అందరం మొత్తుకున్నాం. అది తూర్పు ఒడ్డున చిన్న ఊరు. "ఆ సముద్రం నేరుగా మన దేశానికి పోతాదమ్మా. ఆడ సిగ్నల్ బాగుంటాది" అన్నారు. ఇంటర్నెట్ కేబుల్ ఏ సముద్రంలో ఉందో ఆయనకి తెలియదని కాదు. ఎప్పుడన్నా అక్కడ నిలబడి తూర్పుకి చూడాలని ఆయన కోరిక, దానికో బ్రాంచి పెట్టుకున్నారు.

ఏ దుకాణంలోనైనా, ఏ యాసలోనైనా, ప్రతి కాల్‌లో మొదటి మాట ఒకటే. "వినపడతాందా?" "ఇనబడుతుందా?" "ఆయ్, ఇనపడతందండి!" పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే మాట వింటూ, ఇంటికెళ్లి మా ఆయన్ని అన్నానికి పిలిచేటప్పుడు కూడా నేను అదే మాట అనేదాన్ని.

ఇంటర్నెట్ మీద ఫోన్ మాటలు నడపడానికి ఈ దేశంలో అనుమతి లేదు. ఆ సంగతి తెలిసీ ఊరంతా నడుపుతోంది, మేమూ నడిపాం. ముందు దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. పక్కదారులు వెతికితే అవీ మూసుకున్నాయి. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే తనిఖీ వాళ్లు వచ్చి, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, కంప్యూటర్లకి చీటీలు అంటించి బండిలో ఎక్కించుకుపోయారు. షార్జాలోనూ అంతే, కల్బాలోనూ అంతే. సాయంత్రం కఫీల్ వచ్చాడు. ఆయన హామీ మీదే దుకాణం లైసెన్సు. మంచివాడే, భాయ్ అంటే ఇష్టమే. పాలు లేని సులేమానీ టీ తాగి, దుమ్ము దులుపుకున్నట్టు రెండు చేతులూ దులిపి, "ఖలాస్" అన్నాడు. అయిపోయిందని అర్థం. టీ అయిపోయిందో కంపెనీ అయిపోయిందో విడమరచి చెప్పక్కర్లేకపోయింది. ఆ తర్వాత మా దుకాణంలో ఆ మాట ఎవరూ అనకూడదని భాయ్ ఆర్డరు వేశారు. అన్నం తిన్నావా అంటే కూడా "ఖలాస్" అనకూడదు, "తిన్నా" అనాలి.

ఖాళీ క్యాబిన్లు మాత్రం మిగిలాయి. మేకులకి హెడ్‌ఫోన్లు అలాగే ఉన్నాయి. శుక్రవారం అలవాటు కొద్దీ వచ్చినవాళ్లు తలుపులోంచి తొంగిచూసి, చొక్కా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయేవాళ్లు. భాయ్ తాళం వేసే ముందు ఒక్కో క్యాబిన్ దగ్గరా ఆగి, లోపలికి వంగి, "వినపడతాందా?" అనేవారు. మొదట్లో అది హాస్యమనుకున్నాను. ఓసారి ఆ మాట అన్నాక ఆయన కాసేపు ఆగడం చూశాను. నిజంగా జవాబు కోసం ఆగారు.

ఇక మూసేస్తారనే అనుకున్నాను. ఆయన ఒకరోజు టీ గ్లాసు పట్టుకుని వీధిలోకి చూస్తూ అన్నారు, "మాట్లాడకూడదు అన్నారు. చూడకూడదు అని ఎవురూ అనలేదు గదమ్మా."

అలా, ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటర్లతో కొత్త కంపెనీ మొదలైంది. వెబ్‌సైట్ ఎట్టకేలకు అప్పుడే పుట్టింది. మన ఊళ్లలో ఫొటో స్టూడియోల వాళ్లతో ఒప్పందాలు చేసుకున్నారు. పెళ్లి దగ్గరో సీమంతం దగ్గరో స్టూడియో మనిషి కెమెరా పెట్టి బొమ్మలు పంపిస్తాడు, ఇక్కడ క్యాబిన్‌లో కూర్చుని చూస్తారు. శబ్దం రాదు. వీళ్లు అవతలివాళ్లకి కనపడరు. బొమ్మ కొన్ని క్షణాలకోసారి మారేది. పెళ్లికొడుకు చేతులు తాళి పట్టుకుని ఉండేవి, తర్వాతి బొమ్మలో తాళి మెడలో ఉండేది. మధ్యలో జరిగింది ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి. ఊహించుకుని, చప్పట్లు కొట్టి, క్యాబిన్‌లోనే అక్షింతలు జల్లి నాచేత ఊడ్పించేవాళ్లు.

ఎవరో ఒకతను వాళ్ల నాన్న ఆఖరి చూపు అడిగాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర, సెలవివ్వనన్న ముదీర్, అంటే మేనేజరు, ఇంకో పక్క. ఆ ఒక్కటీ చేశాక ఆ మాట క్యాంపుల్లో పాకింది. క్రమంగా పెళ్లిళ్ల కంటే చావులే ఎక్కువయ్యాయి. ఇది మనకొద్దు భాయ్, ఇంటికెళ్తే అన్నం సయించట్లేదు అని నేను మొరాయించాను. ఆయన నా వైపు తిరగలేదు.

"మా అమ్మీ పోయినపుడు నేను షార్జాలో గ్యారేజీలో బండి కింద ఉండా. పని అయినాక బయటికొస్తే చెప్పినారు. అప్పటికే మన్ను గూడా ఏసేసినారు" అన్నారు. ఆ తర్వాత నేను మొరాయించడం మానేశాను.

ఆఖరి చూపుకి వచ్చినవాళ్లకి మాత్రం చొక్కా ఇచ్చేవారు కాదు. ఎవరన్నా అలవాటుగా మేకు వైపు చెయ్యి చాస్తే ఆపేవారు. "ఈ పొద్దు ఎట్లుండావో అట్లే కూర్చో" అనేవారు. పక్కన తెరకి వీపు పెట్టి నిలబడి, కుర్చీ మీద చెయ్యి వేసి ఉంచేవారు.

సత్తిబాబు అలాగే వచ్చాడు. రాజోలు వైపు మనిషి, సైట్లలో ఇనపకడ్డీలు కట్టే పని. వాళ్లమ్మ పోయింది. మూడో క్యాబిన్‌లో కూర్చోబెట్టాం. తెర మీద ఇంటి ముందు పందిట్లో మంచం, ఆవిడ మొహం, తలాపున అతని చెల్లెలి చీర కొంగు. బొమ్మ మారుతోంది. అటువాళ్లకి వినపడదని భాయ్ ముందే చెప్పినా, సత్తిబాబు అమ్మతో మాట్లాడటం మొదలుపెట్టాడు. అందరూ మాట్లాడేవాళ్లే, మేం వద్దనేవాళ్లం కాదు.

కాసేపటికి కౌంటర్‌లో ఫోన్ మోగింది. రాజోలు స్టూడియో అతను. "మేడమ్, ఇక్కడ లైను పోయిందండి. ఇంక రాదు. తీసుకెళిపోతన్నారు కూడానండి." నేను మెయిన్ కంప్యూటర్‌లో చూశాను. నిజమే, కొత్త బొమ్మ రావడం ఆగిపోయింది. సత్తిబాబు తెర మీద మాత్రం వాళ్లమ్మ అలాగే ఉంది. చనిపోయిన మనిషి బొమ్మ కదలకపోతే తప్పేముంది? అతనికి ఏ అనుమానమూ రాలేదు.

నేను క్యాబిన్ దగ్గరికి వెళ్లి భాయ్‌కి సైగ చేశాను. ఆయన ఒక్క చూపులో గ్రహించారు. చెయ్యెత్తి నన్ను ఆపారు. పెదవుల మీద వేలు పెట్టుకుని, "గమ్మునుండు" అన్నట్టు తల ఊపారు. సత్తిబాబు చెప్పుకుపోతున్నాడు. గోడ కట్టించిన సంగతి, చెల్లెలి పురిటికి పంపిన చీర సంగతి, చిన్నప్పుడు చెరుకు దొంగిలించి అబద్ధమాడిన సంగతి. అతని గొంతు తడారేదాకా చెప్పనిచ్చారు భాయ్. నేను కౌంటర్ దగ్గర కళ్లు తుడుచుకుంటూ, ఈ మనిషి ఎంత దయగలవాడు అనుకున్నాను.

సత్తిబాబు లేచి బయటికొచ్చాడు. మొహం ఏడ్చినవాడి మొహంలా లేదు, దెబ్బ తిన్నవాడి మొహంలా ఉంది.

"ఇంతసేపూ అమ్మ దగ్గరకి ఒక్కళ్లంటే ఒక్కళ్లు రాలేదేంటండి?" అన్నాడు. "మా చెల్లి మొదట్లో కూకుంది, తర్వాత అదీ లేచెళిపోయింది. అంత మంది జనం ఉండి, మొహమ్మీద ఈగ వాలితే తోలేవోళ్లు లేరేంటండి? నేను లేననేగా భాయ్, మా అమ్మనలా వొదిలేశారు?"

భాయ్ కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు.

"లేదు బాబూ. నీ చెల్లెలు యాడికీ పోలేదు. ఆగిపొయింది బొమ్మ. లైను పొయింది. వాళ్లు ఎప్పుడో తీసుకుపొయినారు. నీకు చెప్పేదానికి నాకు నోరు రాలేదు."

సత్తిబాబు ఆయన వైపు, నా వైపు, క్యాబిన్ వైపు చూశాడు. కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తెచ్చుకోలేదు. చాలా నెమ్మదిగా అడిగాడు.

"మరి నేను ఎవరితో మాట్టాడేనండి?"

మామూలు ఫోన్ తీసి వాళ్ల చెల్లెలికి కలిపి ఇచ్చాం. నీళ్లకని ఒక్క క్షణం లేచిందట, మళ్లీ వచ్చాక తీసుకెళ్లేదాకా అమ్మ తల తన ఒళ్లోనే ఉందని ఆ పిల్ల ఏడుస్తూ చెప్పింది. సత్తిబాబు విన్నాడు, నమ్మాడు, వెళ్లిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం మా దుకాణంలోనే ఉండిపోయింది. మూడో క్యాబిన్‌లో మళ్లీ ఎవరినీ కూర్చోబెట్టలేదు. కంప్యూటర్ తీసేశారు, కుర్చీ తీసేశారు, అందులోకి చీపుర్లు చేరాయి. తాళం వేసేటప్పుడు మిగతా వాటి దగ్గర ఆగినట్టు దాని దగ్గర ఆగేవారు కాదు భాయ్. గబగబా దాటిపోయేవారు.

మర్నాడు స్టూడియోల వాళ్లందరికీ ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. "ఇంగమీదట తలకాడ ఎవురో ఒకరు ఇసనకర్ర ఇసరతా ఉండల్ల. అది కెమెరాలో కనపడల్ల. ఆడతా ఉంటే లైను ఉండాదని అర్థం. నిలిచిపోతే లే అని అర్థం." ఈ రోజుల్లో విసనకర్రలు ఎక్కడివండీ అని అవతలివాళ్లు విసుక్కుంటే, "అట్టముక్క పెట్టు, పేపరు పెట్టు, టవలు పెట్టు. ఏదో ఒకటి ఆడతా ఉండల్ల" అని కేకలేసేవారు. నిదానంగా మాట్లాడే మనిషి కేకలేయడం నేను అప్పుడే విన్నాను.

అప్పటి నుంచి తెర వైపు తిరక్కుండానే కూర్చున్నవాణ్ణి అడిగేవారు. "ఇసనకర్ర ఆడతాందా?" "ఆడతాంది భాయ్." మళ్లీ కాసేపటికి, "ఆడతాందా?" ఆగిపోతే వెంటనే చెప్పాలి. చెప్పగానే ఆయనే తెర ఆర్పేసి, ఆ మనిషిని లేపి బయటికి తీసుకొచ్చేవారు. నిద్రలో కూడా అదే అడుగుతున్నారని ఆయన భార్య, మా భాభీ, నాతో నవ్వుతూ చెప్పి, చెబుతూ చెబుతూనే నవ్వడం మానేసింది.

ఆ తర్వాత సెలవుకి ఇంటికి వెళ్లినప్పుడు మా పక్క ఊళ్లో ఒక చావింటికి వెళ్లాను. ఏసీ పెట్టెలో శవం, దాని పక్కన ఒక ముసలావిడ తాటాకు విసనకర్రతో అద్దం మీద విసురుతోంది. కెమెరా లేదు, స్టూడియో మనిషి లేడు. ఎందుకమ్మా అని అడిగాను. "దుబాయ్‌లో ఉన్నోళ్లు చూత్తారంటమ్మా. ఇసిరితేనే ఆళ్లకి కనబడతాదంట" అంది. ఈ ఇంట్లోవాళ్లు ఎవరున్నారు దుబాయ్‌లో అంటే, ఎవరూ లేరంది. నేను తిరిగెళ్లి భాయ్‌కి ఈ సంగతి నవ్వించడానికే చెప్పాను. ఆయన నవ్వలేదు. గోడ వైపు తిరిగి, "ఇసరనీ" అన్నారు.

2008 ఆఖరుకి ఆర్థిక మాంద్యం వచ్చి సైట్లలో క్రేన్లు ఆగిపోయాయి. క్యాంపులు ఖాళీ అవుతున్నాయి. ఇళ్లకు పంపేస్తుంటే ఇంక తెరలో ఎవరు చూస్తారు? ఈసారి తనిఖీ వాళ్లు రాలేదు, కఫీల్ చేతులు దులపలేదు. భాయే బోర్డు దింపించి, రాయచోటికి ప్రయాణం కట్టారు. నన్ను పిలిచి ఆ లేత నీలం చొక్కా మడతపెట్టి చేతిలో పెట్టారు. "మీ ఆయనకు సరిపోతాదేమో చూడు" అన్నారు. సరిపోలేదు. కింది గుండీలు పట్టలేదు. పాతబడి చిరిగేదాకా మా ఆయన దాన్ని వీడియో కాల్స్‌కి వేసుకునేవాడు.

ఫోన్ మోగింది. లింకు వచ్చింది.

మా ఆయన్ని పిలిస్తే పక్కన వచ్చి కూర్చున్నాడు. నా చేతిలో సగం ఇస్త్రీ అయిన చొక్కా చూసి, "వేసుకోనా?" అన్నాడు. వద్దన్నాను. ఎట్లున్నామో అట్లే కూర్చున్నాం.

రాయచోటి ఇంట్లో ముందు గది. తెల్లగుడ్డలో భాయ్. మొహం ఒక్కటే తెరిచి ఉంచారు. ఇన్నేళ్లూ వీపు చూపించిన మనిషి మొహాన్ని ఇంత దగ్గరగా, ఇంతసేపు నేను ఎప్పుడూ చూడలేదు. గోడ మీద ఏసీ నడుస్తున్న చప్పుడు వినపడుతోంది. పక్క నుంచి ఒక చెయ్యి మాత్రం కనపడింది, భాభీది. ఆ చేతిలో తాటాకు విసనకర్ర. మెల్లగా ఆడుతోంది. "ఏసీ ఉండాది గదమ్మీ, చెయ్యి నొప్పొస్తాది, పెట్టెయ్" అని కొడుకు గొంతు. ఆ చెయ్యి ఆగలేదు.

"ఆడుతోంది భాయ్" అన్నాను పైకే.

కాసేపటికి విసనకర్ర గాలిలో ఉండగానే నిలిచిపోయింది. ఏసీ చప్పుడు కూడా పోయింది. మా ఆయన, "లైను పోయినట్టుంది. కట్ చేసి మళ్లీ కలుపు" అని ఫోన్ మీదికి చెయ్యి చాపాడు. పట్టుకుని ఆపాను. పోయిందని నాకు తెలుసు. ఆ సంగతి తెలుసుకునే విధం పెట్టిందే ఆయన. అయినా ఆర్పబుద్ధి కాలేదు. ఆయనకి చెప్పాల్సినవి నా దగ్గర చాలా ఉన్నాయి, ఇంకా ఒక్కటీ చెప్పలేదు.

ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాను.

"భాయ్," అన్నాను, "వినపడతాందా?"